తాళం వేసిన ఇంట్లో వేడినీళ్ళ గొట్టాలు



ఇల్లు వెచ్చబెట్టుకోవడం గురించి మాట్లాడతానంటే, ఉక్కపోతకు విసనకర్ర విసురుకుంటున్న వాళ్ళకి నవ్వు రావచ్చు. అయినా ఇవాళ కొడుకో కూతురో చలిదేశంలో లేని ఇల్లు మనవాళ్ళలో తక్కువే కదండీ. న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు కొందరు, కాస్త వెసులుబాటు కలగగానే, కారులో రెండు గంటల దూరాన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పోకొనో కొండల్లో చిన్న ఇల్లొకటి కొనుక్కుంటున్నారు. వేసవిలో సరస్సు, శీతాకాలంలో మంచు, పిల్లలకు ఆటలు. బాగానే ఉంది. కానీ ఆ ఇంట్లో మనిషి మసిలేది ఏడాదికి ఏ యాభై రోజులో. తక్కిన మూడు వందల పైచిలుకు రోజులూ తాళమే. చలి తాళం చూసి వెనక్కి పోదు గదా! జనవరి రాత్రుళ్ళు అక్కడ మైనస్ 15, ఒక్కోసారి మైనస్ 20 డిగ్రీల సెంటిగ్రేడు దాకా దిగిపోతుంది.

అటువంటి ఇంటికి వేడినీళ్ళ తాపనం ఎలా పెట్టించుకోవాలి, మనం లేనప్పుడు దాన్ని ఎలా కాపాడుకోవాలి అన్నదే ఇవాళ్టి సంగతి. మా ఇంట్లో దీన్ని దగ్గరుండి పెట్టించిందీ, ఏటేటా చూసుకుంటున్నదీ నేనే. ఇది మగవాళ్ళ వ్యవహారమని తప్పుకోకండి. ఇల్లు తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ ఆఖరున గడప దాటేది మనమే కదా!

హైడ్రానిక్ హీటింగ్ అని పేరు పెద్దదే గాని, విషయం మనకు తెలియనిది కాదు. మన అమ్మమ్మల ఇళ్ళల్లో రాగి బాయిలరు గుర్తుందా? నడిమి గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. ఇదీ అంతే. బొగ్గులకు బదులు గ్యాసు మంట. కాగిన నీళ్ళను చిన్న పంపు ఒకటి గొట్టాల్లోకి తోస్తుంది. ఆ నీళ్ళు గదిగదికీ తిరిగి, వేడి అక్కడ వదిలేసి, చల్లబడి మళ్ళీ బాయిలరుకు చేరతాయి. మనం స్నానం చేసే నీళ్ళు కావివి. ఎప్పుడూ ఆ నీళ్ళే, ఆ గొట్టాల్లోనే గానుగెద్దులా తిరుగుతూంటాయి. నీరు వేడెక్కితే ఉబ్బుతుంది గనక, ఆ ఉబ్బు పట్టడానికి లోపల రబ్బరు పొర ఉన్న తొట్టి ఒకటి పక్కనే ఉంటుంది. ఒత్తిడి 30 పౌండ్లు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు కూడా ఉంటుంది, మన కుక్కరు సేఫ్టీ వాల్వు లాగా. రెండంతస్తుల ఇంట్లో, చల్లగా ఉన్నప్పుడు గేజి ముల్లు 12 పౌండ్ల దగ్గర నిలిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు.

అమెరికాలో చాలా ఇళ్ళకు వేడిగాలి ఊదే ఏర్పాటే ఉంటుంది. అది త్వరగా వెచ్చబెడుతుంది, నిజమే. కానీ చప్పుడు, దుమ్ము! నీళ్ళ వేడి నెమ్మదైనది, నిండైనది. నేలలో గొట్టాలు పరిపిస్తే ఆ సుఖం చెప్పలేం, పాదాల నుంచి వెచ్చదనం ఎక్కివస్తుంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుపొందిన వాస్తుశిల్పి 1937లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో కట్టిన జేకబ్స్ గారి ఇంట్లో నేల కిందే వేడి గొట్టాలు వేయించాడు. కొరియావాళ్ళయితే ఎన్నో తరాలుగా పొయ్యి పొగను నేల కిందుగా పోనిచ్చి ఇల్లు వెచ్చబెట్టుకున్నారు.

అయితే సెలవుల ఇంటికి నేను కాంక్రీటు నేలను అంతగా మెచ్చను. మెచ్చేవాళ్ళు నాతో వాదిస్తారు, వాదించనివ్వండి. కాంక్రీటు వేడెక్కాలంటే గంటలు గంటలు పడుతుంది. శుక్రవారం రాత్రి చేరి మీట వేస్తే శనివారం మధ్యాహ్నానికి గాని ఒళ్ళు వెచ్చబడదు. ఆదివారం తాళం వేసి వచ్చేశాక నేల తీరిగ్గా చల్లారుతూ, ఎవరూ లేని గదులకు వేడి పంచుతూంటుంది! గోడ వారగా ఉండే బేస్‌బోర్డులో, పలకల రేడియేటర్లో అయితే గంటా గంటన్నరలో గది దారికి వస్తుంది. నేలే కావాలనుకుంటే బయల్దేరే ముందురోజే ఫోను మీద వేడి పెంచుకునే థర్మోస్టాట్ పెట్టించుకోవాలి.

పెట్టించేటప్పుడు రెండు మూడు విషయాల్లో గట్టిగా ఉండండి. బాయిలరు ఎంత పెద్దది కావాలో గదిగదికీ కిటికీలూ గోడలూ కప్పూ లెక్కకట్టి చెప్పమనండి. "ఎందుకైనా మంచిది, పెద్దదే పెడదాం" అనే మేస్త్రీని నమ్మకండి. అవసరానికి మించిన బాయిలరు నిమిషానికోసారి వెలుగుతూ ఆరుతూ త్వరగా అరిగిపోతుంది. ప్లాస్టిక్ గొట్టాలు వేస్తే ఆక్సిజన్‌ను అడ్డే పొర ఉన్నవే వేయించాలి. లేకపోతే ప్లాస్టిక్‌లోంచి గాలిలోని ఆక్సిజన్ సన్నగా లోపలికి దిగి, ఇనుప భాగాలకు తుప్పు పట్టిస్తుంది. గొట్టాల కింద వేడి భూమిలోకి దిగకుండా మందపాటి అట్టలు పరవాలి. కాంక్రీటు పోసేముందు గొట్టాల్లో ఒత్తిడి ఎక్కించి, పోసే పని పూర్తయ్యేదాకా గేజి చూస్తూ ఉండాలి. అలాగే పోయకముందు నేలంతా ఫోటోలు తీసి దాచుకోండి. పదేళ్ళ తరవాత ఎవరో మేకు దిగ్గొట్టబోతే ఆ ఫోటోయే అడ్డుపడుతుంది.

ఇక అసలు కథకొస్తాను. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు రాగి గొట్టం కూడా చీరుకుపోతుంది. అందుకని వెళ్ళీ వెళ్ళకా ఉండే ఇళ్ళల్లో బాయిలరు నీళ్ళలో ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. 40 పాళ్ళు కలిపితే మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. సగానికి సగం కలిపితే మైనస్ 30 దాటినా భయం లేదు. అలాగని అంతకంటే ఎక్కువ పోయించకండి. ఆ ద్రవం చిక్కన, వేడి మోసే శక్తి తక్కువ, పంపు ఆయాసపడుతుంది. కారులో పోసే కూలెంటు మాత్రం పొరపాటున కూడా పోయకూడదు సుమండీ. అది చాలావరకు వేరే జాతి గ్లైకాల్, విషం.

గ్లైకాల్ పోయించగానే ఇల్లంతా భద్రమనుకుంటారు. అక్కడే వస్తుంది ప్రమాదం. మా తోటికోడలు వాళ్ళకు అదే కొండల్లో ఇల్లుంది. గ్లైకాల్ పోసినవాడు వెళ్తూ వెళ్తూ "ఇక మీ ఇంటికి చలి భయం లేదు" అని చెప్పిపోయాడు. 2022 డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, తూర్పు రాష్ట్రాల మీద చలి ఒక్క పూటలో విరుచుకుపడింది చూడండి, అప్పుడు వాళ్ళ వీధిలో కరెంటు పోయింది. కరెంటు లేకపోతే పంపు తిరగదు, బాయిలరు వెలగదు. తొట్టి నిండా గ్యాసు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రెండు రోజులకు కరెంటు వచ్చింది, బాయిలరు మళ్ళీ వెలిగింది. వేడి గొట్టాలకు వెంట్రుకవాసి దెబ్బ తగల్లేదు. కానీ మేడమీది స్నానాలగదికి పోయే మంచినీళ్ళ గొట్టంలో గ్లైకాల్ ఎక్కడిది? అది చీలింది. ఇల్లు వెచ్చబడి ఆ మంచు కరగగానే ధార మొదలైంది. వీళ్ళు వెళ్ళేసరికి తొమ్మిదో రోజు. హాలు కప్పు ఊడి సోఫా మీద పడింది. పెళ్ళినాటి ఫోటోలు, అత్తగారు కుట్టిచ్చిన బొంతలు అన్నీ నానిపోయాయి. "అక్కా, ఆ మందు పోయించాం గదా అని ధైర్యంగా ఉన్నాం" అని ఫోనులో ఒకటే ఏడుపు.

ఆ తరవాత ఇన్సూరెన్సువాళ్ళ తంతు. ఇంటిని వెచ్చగా ఉంచినట్టు రుజువేదీ, గ్యాసు బిల్లులేవీ, నీళ్ళ వాల్వు ఎందుకు కట్టలేదూ అని ప్రశ్నలు. ఖాళీగా ఉన్న ఇంట్లో వేడైనా నడుస్తూండాలి, లేదా నీళ్ళు కట్టేసి గొట్టాలు ఖాళీ చేసి ఉండాలి అన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మీ కాయితం ఇవాళే తీసి చదవండి. ఏడు నెలలు తిరిగి, అడిగినదాంట్లో సగం రాబట్టుకున్నారు వాళ్ళు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు డాలస్‌లోని మనవాళ్ళ ఇళ్ళల్లో గొట్టాలు పగిలిందీ ఇలాగే. అవి మనుషులున్న ఇళ్ళు గనక చప్పుడు వినబడి వాల్వు కట్టేసుకోగలిగారు. ఖాళీ ఇంట్లో వినేదెవరు?

అంచేత వేడి గొట్టాలు వేరు, వాడుక నీళ్ళ గొట్టాలు వేరు. మొదటివాటికి గ్లైకాల్. రెండోవాటికి, మీరు వెళ్తున్నది రెండు రోజులకైనా సరే, ప్రధాన వాల్వు కట్టేయడం. ఎక్కడో ఉంటుందిలే అనుకోకుండా దానికి ఎర్ర రిబ్బను కట్టి, పిల్లలకూ చూపించండి. చలికాలమంతా వెళ్ళేది లేకపోతే పూర్తిగా ఖాళీ చేయాల్సిందే. ముందు వాటర్ హీటర్ మీట ఆపి, వాల్వు కట్టి, పై అంతస్తు నుంచి కింది దాకా అన్ని కుళాయిలూ విప్పాలి. హీటర్ తొట్టి అడుగు కుళాయి నుంచి ఖాళీ చేయాలి. గొట్టాల్లో మిగిలిన నీటిని గాలి పంపుతో ఊదించాలి. బట్టల మిషను, గిన్నెలు కడిగే మిషను, బయటి కుళాయి మరిచిపోతాం సాధారణంగా. సింకుల కింద వంకర గొట్టాల్లో, కమోడులో నీళ్ళు నిలిచే ఉంటాయి గదా, వాటిలో మాత్రం గులాబీరంగు ఆంటీఫ్రీజు పోయాలి. బళ్ళలో కాపురముండేవాళ్ళ కోసం అమ్ముతారది, విషం కాదు.

గ్లైకాల్ కూడా ఒకసారి పోసి మరిచేది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ అది పులిసినట్టవుతుంది, అంటే ఆమ్లంగా మారి గొట్టాలను తినడం మొదలెడుతుంది. ఏటా ఒకసారి చెంచాడు తీసి రంగుమారే కాయితంతో పులుపూ, రిఫ్రాక్టోమీటరుతో చిక్కదనమూ చూడాలి. పాలవాడి పాలకు లాక్టోమీటరు పెట్టి చూసిన మనకు ఇదొక లెక్కా! ఇక్కడే ఇంకో మెలిక ఉంది. బాయిలరుకు నీళ్ళు తగ్గితే తనంతట తానే నింపుకునే వాల్వు ఒకటి బిగిస్తారు. గ్లైకాల్ పోసిన ఇంట్లో దాన్ని తెరిచి ఉంచకూడదు. ఎక్కడో చిన్న కారుడు ఉంటే, గ్లైకాల్ కారిపోతూంటుంది, నీళ్ళు చేరుతూంటాయి, పాలల్లో నీళ్ళు కలిసినట్టు పల్చబడిపోతుంది. గేజి మాత్రం 12 చూపిస్తూనే ఉంటుంది. ఆ వాల్వు కట్టేసి, కలిపిన ద్రవం ఉంచిన చిన్న తొట్టిని విడిగా పెట్టించుకోండి. అప్పుడు తొట్టిలో మట్టం తగ్గితే కారుడు ఉన్నట్టు తెలుస్తుంది.

గొట్టాల్లో గుడగుడమని చప్పుడైతే గాలి చేరిందన్నమాట. రేడియేటరు కొస మీది చిన్న మరను తిప్పి, బుస్సుమనడం ఆగి ద్రవం చుక్క కనబడేదాకా వదలండి. బయటి గోడలోంచి పొగగొట్టం పోయే రకం బాయిలరైతే మంచు పేరుకుని దాన్ని మూసేస్తుంది, ఇంట్లో అడుగుపెట్టకముందే చూడాలి. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. పడకగదుల దగ్గర దాని అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా నిద్రపోకండి.

మనం లేనప్పుడు థర్మోస్టాట్‌ను 13 డిగ్రీల దగ్గర ఉంచుతాం. ఇంట్లో వేడి 7 డిగ్రీలకు పడిపోతే ఫోను చేసే పరికరం ఉంది, తప్పక పెట్టించుకోండి. ఇంటర్నెట్ మీద ఆధారపడేది వద్దు, కరెంటుతో పాటు అదీ పోతుంది. బ్యాటరీ ఉండి, సెల్ ఫోను సంకేతం మీద నడిచేది కావాలి. అంతకంటే మేలైనది, అక్కడే కాపురముండే ముసలి దంపతులు ఎవరైనా ఉంటే వాళ్ళతో స్నేహం. మేం తాళంచెవి ఒకటి పక్కింటావిడకు ఇచ్చాం. వెళ్ళినప్పుడల్లా ఓ డబ్బాడు జంతికలు ఇస్తాను. పెద్ద చలి వచ్చిన మర్నాడు ఆవిడే వెళ్ళి చూసి, "అంతా వెచ్చగానే ఉంది" అని కబురు పెడుతుంది.

వసంతంలో ఇల్లు తెరిచేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు ప్రధాన వాల్వును నెమ్మదిగా, కొంచెం కొంచెంగా విప్పుతూంటే, ఇంకొకరు మేడమీద నిలబడి ఎక్కడైనా చప్పుడవుతుందేమో వినాలి. సింకుల్లోంచి గులాబీరంగు పూర్తిగా పోయేదాకా నీళ్ళు వదలండి. కరెంటు వాటర్ హీటరైతే మీట వేయడానికి తొందరపడొద్దు. తొట్టి నిండకుండా వేశారంటే లోపలి తీగ కాసేపట్లోనే మాడిపోతుంది. వేడినీళ్ళ కుళాయిలో గాలి దగ్గడం మాని ధార సాఫీగా పడ్డాకనే వేయండి.