సినిమా సమీక్షలో సమతూకం

 

తిక్కన నడిచిన నెల్లూరులో సాహిత్య సభ పెట్టి సినిమా సమీక్ష గురించి మాట్లాడటమేమిటని కొందరు మిత్రులు అడిగారు. ఇవాళ మన కుర్రకారు ఇష్టంగా రాస్తున్న విమర్శ అదే కాబట్టి. నవల మీద నాలుగు వాక్యాలు రాయమంటే తటపటాయించే కుర్రవాడు, మొదటి ఆట చూసి ఇంటికి చేరేలోపే ఫోన్‌లో రెండు పేజీలు రాసేస్తాడు. జీతం లేదు, పత్రిక లేదు, సంపాదకుడు లేడు. సినిమా మీది ప్రేమే పెట్టుబడి. ఆ ప్రేమంటే నాకు గౌరవం. అందుకే దానికి తూకం కావాలంటున్నాను.

సినిమా మన ప్రాంతానికి పరాయిది కాదు. మాటల్లేకుండా 'పుష్పక విమానం' నడిపిన సింగీతం శ్రీనివాసరావుగారు నెల్లూరు జిల్లాలో పుట్టారు. సినీకవి ఆచార్య ఆత్రేయ సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడు వారు. అదే సూళ్ళూరుపేటలో 2019 ఆగస్టులో వంద అడుగులకు మించిన వెడల్పు తెరతో హాలు తెరిచారు, 'సాహో'తో మొదలుపెట్టారు. నెల్లూరు నుంచి వచ్చిన 'జమీన్ రైతు' వారపత్రిక రైతు కష్టాలు రాసిన పుటల మధ్యే సినిమా సమీక్షలూ వేసింది. సమీక్ష నుంచి సినిమాకు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమాల మీద రాస్తూ రాస్తూ సినిమా రచయిత అయ్యారు. 1962లో 'రక్తసంబంధం', 1967లో 'సాక్షి' ఆయన కలం నుంచి వచ్చాయి. ఇతరుల సినిమాలను తూచిన మనిషి తన సినిమాను అదే తూకానికి నిలబెట్టుకున్నారన్నమాట. రేపు మీలోనూ కొందరు అటు వెళతారు.

అప్పటి సమీక్షకుడికి వారం గడువుండేది. ఇప్పుడు అమెరికా ప్రీమియర్ల నుంచి మనకు తెల్లవారకముందే తీర్పు వచ్చేస్తుంది. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, క్లైమాక్స్ వీక్. నెల్లూరు హాలు గేటు తీయకముందే సినిమా డిజాస్టరో బ్లాక్‌బస్టరో అయి కూర్చుంటుంది. ఆ మాట రాసినవాడు సినిమా పూర్తిగా చూశాడో లేదో, ఏ హీరో అభిమానో మనకు తెలియదు.

మన తీరంలో రొయ్యలు కొనేవాడు గుంటలో ఒక్క మూల వల వేసి, కిలోకెన్ని తూగుతాయో ఆ కౌంటు తేల్చడు. నాలుగు చోట్ల వేసి చూస్తాడు. సమీక్షకుడి నుంచి నేను కోరేది ఆ మాత్రం ఓపికే.

సమతూకమంటే సగం పొగడ్త, సగం తెగడ్త అని చాలామంది అనుకుంటున్నారు. ప్లస్ పాయింట్లు అయిదు, మైనస్ పాయింట్లు అయిదు రాసి, చివర రెండుముప్పావు మార్కులు వేస్తే న్యాయం జరిగిపోయినట్టు. నేను దీన్ని ఒప్పుకోను. చెడ్డ సినిమాను చెడ్డదనే రాయాలి. అయితే ఎక్కడ చెడిందో చూపించాలి. కథలో చెడిందా, కథ బాగున్నా చెప్పడంలో చెడిందా, నటుడు మోయలేకపోయాడా? 1987 నాటి 'పుష్పక విమానం' ముందు కథ, మాటలు, పాటలు, ఫైట్లు అనే గళ్ళ కాగితం పెడితే మాటల గడిలో సున్నా వేయాలి. ఏ సినిమా ఏం చేయాలనుకుందో ముందు పట్టుకుని, అది చేసిందో లేదో తర్వాత అడగాలి. ఈ వరస తప్పితే ఎంత నిజాయితీగా రాసినా అన్యాయమే జరుగుతుంది.

తొలి తీర్పే ఆఖరిది కాదు. 2010 అక్టోబరు 7న వచ్చిన 'ఖలేజా' హాళ్ళలో నిలబడలేదు. తర్వాత టీవీలో జనం మళ్ళీ మళ్ళీ చూశారు, అందులోని మాటలు ఇళ్ళలో తిరిగాయి. 2025 మేలో మళ్ళీ విడుదలైతే హాళ్ళు పండగ చేసుకున్నాయి. సినిమా పెద్దగా మారలేదు, మారింది చూసే కళ్ళే. రెండో వైపూ చెప్పాలి. 2018 సెప్టెంబరులో పేరున్న తారలెవరూ లేకుండా వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'ను జనం దగ్గరికి చేర్చినవాటిలో చూసినవాళ్ళ నోటిమాట, వాళ్ళు రాసిన నాలుగు మంచి మాటలూ ఉన్నాయి. ఔత్సాహికుడి రాతకు అంత బలముంది. బలమున్న రాతకు బాధ్యత తప్పదు.

నిర్మాతల బాధా నాకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ స్టార్' మీద కావాలని దుష్ప్రచారం చేస్తున్నారని సైబర్ పోలీసుల దాకా ఫిర్యాదు వెళ్ళింది. విడుదలైన 48 గంటల దాకా సమీక్షలు వద్దని కేరళ హైకోర్టుకు అదే ఏడాది ఒక నివేదిక సూచించింది. మూడు రోజులు ఆపాలని తమిళ నిర్మాతలు కోరితే, భావప్రకటనా స్వేచ్ఛ ఉందని మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. మద్రాసు హైకోర్టు మాటే నాకు సబబనిపిస్తుంది. టికెట్ కొన్నవాడి నోరు మూయించే హక్కు ఎవరికీ లేదు. ఆ 48 గంటలు ఎవరికి వారు పెట్టుకోవలసిన గడువు. దుష్ప్రచారం వేరు, కటువైన విమర్శ వేరు. డబ్బిచ్చి రాయించుకున్న పొగడ్త కూడా దుష్ప్రచారమే. ఈ మాట నిర్మాతలూ ఒప్పుకోవాలి.

యువ మిత్రులకు నాదొక విన్నపం. ఏ ఆట చూశారో, ఏ హీరో అంటే మీకు అభిమానమో సమీక్ష మొదట్లోనే రాయండి. నటుల రూపాన్నీ, కులాన్నీ, ఇంటి విషయాలనూ ముట్టుకోకండి. ఏడాది గడిచాక అదే సినిమా మళ్ళీ చూడండి. అభిప్రాయం మారితే పాత సమీక్ష చెరిపేయకుండా, దాని కిందే తేదీ వేసి కొత్తది రాయండి.