రంగుమందు – మూత్రపిండములు

అరకులోయలో కాఫీతోట గల నా వృద్ధమిత్రుడొకడు ఇటీవల నాయొద్దకు వచ్చెను. అతనికి 15 ఏండ్లుగా మధుమేహము కలదు. విశాఖపట్టణమునకు పోయి సీ.టీ. స్కాను తీయించుకొమ్మని వైద్యుడు చెప్పెనట. "పంతులుగారూ! నరములోనికి రంగుమందు ఎక్కింతురట. అది మూత్రపిండములను చెరచునట. ఉసిరికపొడి తినిన భయము లేదని మావారందురు. నిజమేనా?" అని యడిగెను. పొడిసీసా అప్పటికే సంచిలో నున్నది!

రంగుమందని పేరేగాని యది రంగు కాదు. అయొడిను గల ద్రవము. ఎక్సురే కిరణములను అడ్డగించును గనుక దానివలన రక్తనాళములు చిత్రమున తెల్లగా తేలును. పని తీరిన పిమ్మట దానిని వెలికి త్రోయునవి మూత్రపిండములే. వాని లోపలిభాగమునకు ఆమ్లజని సహజముగనే చాలీచాలక అందును. ఈ మందు అచ్చటి సన్ననాళములను బిగించును. అప్పుడు ఆమ్లజని వికారము జెంది, ఇనుమును తుప్పు తినునట్లు కణములను తినును. ఇట్టి తుప్పును వారించు పదార్థములే యాంటీ ఆక్సిడెంట్లు. ఉసిరికయు నా జాతిలోనిదే.

ఊహ సొగసైనదే. 2000వ సంవత్సరమున బెర్లిను నగరమున, మూత్రపిండములు అదివరకే క్షీణించిన 83 మందిపై పరీక్ష జరిగెను. ఎసిటైల్ సిస్టీన్ అను యాంటీ ఆక్సిడెంటు మందు పుచ్చుకొనిన 41 మందిలో ఒక్కనికి, పుచ్చుకొనని 42 మందిలో 9 మందికి హాని కలిగెను. వైద్యలోకము ఆ మందు వెంట బడెను. కాని 2011లో బ్రెజిలు దేశమున 2,308 మందిని పరీక్షింపగా, పుచ్చుకొనినవారిలోను పుచ్చుకొననివారిలోను నూటికి 12.7 వంతుననే హాని కనబడెను. 2018లో ప్రకటితమైన, సుమారు 5,000 మందితో జరిగిన పరీక్షయు అట్లే తేల్చెను. ఒక్క ప్రయోగము జూచి సూత్రము కట్టినవాని పాట్లు వ్యాకరణము చదివినవారెరుగుదురు! మందుగా తూచి యిచ్చినదే నిలువనప్పుడు ఉసిరికపొడిని నమ్మి యుండుట యెట్లు?

అట్లని స్కాను మానరాదు. మూత్రపిండములు బాగుగ నున్నవారికి హాని అరుదు. పూర్వము తలచినంత భయము లేదని నేటి వైద్యుల మతము. మిక్కిలి క్షీణించినవారికే జాగ్రత్త. అందులకే ముందుగ రక్తములో క్రియాటినిను చూతురు. అవసరమైనవారికి సెలైను ఎక్కింతురు.

మన కొండలవారు చేయు పొరపాటు వేరొకటి. "తినక రమ్ము" అనిన మాటను నీళ్లకును చేర్చుకొని, రాత్రి మొదలు గొంతు తడుపక, తెల్లవారకమునుపే అనంతగిరి ఘాటు దిగి, నూరు కిలోమీటర్లకు పైగా పయనించి, ఎండిన దేహముతో బల్లపై పరుండుదురు. పైగా మోకాళ్లనొప్పికి అంగడిలో కొనిన బిళ్లలు! దాహమును, ఆ బిళ్లలును మూత్రపిండములకు చేటు. నీళ్లెంతవరకు త్రాగవచ్చునో ముందే అడుగవలెను. గుండెజబ్బు గలవారు తమంత తాము ఎక్కువ త్రాగరాదు.

నా మిత్రుడు నొప్పిబిళ్లలు దినమును మ్రింగుచున్నాడని అడుగగా తెలిసినది. ఆ బిళ్లల పేరును, మధుమేహమునకు వాడు మెట్ ఫార్మిన్ పేరును చీటిపై వ్రాసి, "స్కానునకు ముందే దీనిని వైద్యునికి చూపుము, క్రియాటినిను ఎంతయో అడుగుము" అంటిని. చీటి సంచిలో బెట్టుకొని, "మరి ఈ ఉసిరికపొడి?" అనెను.

"అన్నములో కలుపుకొని తినుము" అంటిని.