మన మాట ఫైల్లో కూడా బతకాలి

(విశాఖపట్నంలో చదువుకుంటున్న, పనిచేసుకుంటున్న ఆదివాసీ యువత కలిసినప్పుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని రాసి పెడుతున్నాను.)

పోడు భూముల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడాల్సిన చోట ఈ కీబోర్డులు, ఫాంట్ల గోల ఏంటని మీకు అనిపించొచ్చు. అందుకే ముందు భూమి దగ్గరే మొదలుపెడతాను. అటవీ హక్కుల చట్టం, 2006 కింద క్లెయిమ్ పెట్టేటప్పుడు ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది. మన పెద్దలు ఆ మాట ఏ భాషలో చెప్తారు? సవరలో చెప్తారు, కువిలో చెప్తారు, కుపియాలో, కోయలో చెప్తారు. కొండ పేరు, గెడ్డ పేరు వాళ్ల నోట ఎలా వస్తే అలాగే కాగితం మీద పడాలి. ఆ రాసే పని ఇప్పుడు మన చేతికి వచ్చింది. మనం రాసేదేమో ఫోన్లో, లాప్‌టాప్‌లో. ఒకే గెడ్డ పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా పడితే, ఈ రోజు రాసిన ఫైలు పదేళ్ల తర్వాత తెరుచుకోకపోతే, నష్టపోయేది ఎవరు?

గిడుగు రామమూర్తి గారి పేరు మీ అందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. అదే మనిషి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నాడు, సవర పిల్లల కోసం పుస్తకాలు తయారుచేశాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఎనభై, తొంభై ఏళ్లు దాటినా ఆ పేజీ తెరిస్తే అక్షరం చదవొచ్చు. కానీ ఈమధ్య నా చేతికి ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో పిల్లల కోసం మన భాషలో టైపు చేసిన పాఠాలున్నాయి. ఇరవై ఏళ్లు కూడా కాలేదు. తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలిపి చల్లినట్టు ఉంది. తొంభై ఏళ్ల కాగితం నిలబడింది, ఇరవై ఏళ్ల ఫైలు పోయింది. ఎందుకు?

మనం విశాఖలో ఉన్నాం కాబట్టి పోర్టు మాటల్లోనే చెప్తాను. కంటైనర్ మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు ప్రపంచంలో ఇంకో కంటైనర్‌కి ఉండదు. ఏ ఓడ ఎక్కినా, ఏ రేవులో దిగినా నంబరు చూసి గుర్తుపడతారు. పెట్టెకు ఏ రంగు వేశారన్నది లెక్కలోకి రాదు. కంప్యూటర్లో అక్షరం కూడా అంతే. యూనికోడ్ అనే ఏర్పాటులో ప్రతి అక్షరానికి ఒక నంబరు ఉంది. మన 'క' నంబరు 3093. ఫైల్లో దాచేది ఆ నంబరునే. ఫాంటు అంటే రంగు. ఫాంటు మారినా 'క' 'క'గానే ఉంటుంది.

డీటీపీ షాపుల్లో చాలాకాలం వాడిన పాత ఫాంట్లు అలా కాదు. వాటిలో ఇంగ్లీషు అక్షరం నంబరునే ఉంచి, దాని మీద తెలుగు బొమ్మ అతికించారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేనిచోట కింద ఉన్న ఇంగ్లీషు గీతలు బయటపడతాయి. ఆ పెన్‌డ్రైవ్‌లో జరిగింది ఇదే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు పని పాత అలవాటులోనే సాగింది. అచ్చయిన పుస్తకం బడికి చేరింది, ఫైలు మాత్రం షాపులోనే మిగిలిపోయింది. పేపరు భాషకైతే మళ్లీ టైపు చేసేవాళ్లు వందమంది దొరుకుతారు. మనకు పుస్తకాలే కొన్ని, టైపు చేసేవాళ్లు వేళ్ల మీద లెక్క.

ఇప్పుడు మన భాషల సంగతికి వద్దాం. ఆంధ్రలో మన భాషల బడి పుస్తకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. లిపి తెలుగుదైనా భాష తెలుగు కాదు. సవరలో, కువిలో మాట మధ్యలో గొంతు దగ్గర గాలి టక్కున ఆగి మళ్లీ వదిలే ధ్వని ఉంది. అది ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం వచ్చే మాటలున్నాయి. దానికి తెలుగులో అక్షరం లేదు. చాలామందికి వెంటనే తట్టేది ఇంగ్లీషులో పైన పెట్టే కామా, అపాస్ట్రఫీ. చూడ్డానికి అది ఒక్కటే. కంప్యూటర్‌కి మాత్రం మూడు. కీబోర్డు మీద ఉండే నిలువు గీత నంబరు 39. వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని మనల్ని అడక్కుండా వంకర గుర్తుగా మార్చేస్తుంది, దాని నంబరు 8217. ఇలాంటి ధ్వనుల కోసమే అక్షరంగా గుర్తించినది ఇంకొకటి ఉంది, దాని నంబరు 700.

చిన్న విషయంలా ఉంది కదా? మీరు ఒక ఊరి పేరు 39తో రాశారు. మీ చెల్లి వర్డ్‌లో రాస్తే 8217 పడింది. రేపు ఆ పేరు కోసం ఫైళ్లలో వెతికితే సగమే దొరుకుతాయి. పైగా 39, 8217 రెండూ విరామ గుర్తులు. మాట మీద డబుల్ క్లిక్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో సగం మాటే పట్టుకుంటుంది. 700 అయితే అక్షరం కింద లెక్క, మాట విరగదు. ఏది వాడాలన్నది ప్రతి భాష వాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. తేల్చుకున్నాక అందరూ అదే వాడాలి.

ఇంకో ఇబ్బంది ఆటో కరెక్ట్. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకుని సవర రాస్తే, అది తప్పు తెలుగు అనుకుని దిద్దేస్తుంది. బడిలో మన మాటను దిద్దినవాళ్లు చాలరా, జేబులో కూడా ఒకటా? సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి. మన భాషలకు ప్రపంచ ప్రమాణాల్లో సొంత కోడ్‌లు ఉన్నాయి: సవరకు ఎస్ఆర్‌బీ, కువికి కేఎక్స్‌వీ, కుపియాకు కేఈవై, కోయకు కేఎఫ్ఎఫ్. సాఫ్ట్‌వేర్ మెనూలో మన పేరు లేనంత మాత్రాన మనది భాష కాకుండా పోదు.

సొంత లిపుల గురించి కూడా తమ్ముళ్లు అడుగుతుంటారు. సవరకు 1936లో మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. అది 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. గోండికి మంగళ్ సింగ్ మసరాం 1918లో చేసిన లిపి 2017లో, ఆదిలాబాద్ గుంజాల ఊరి పేరుతో పిలిచే గుంజాల గోండి లిపి 2018లో చేరాయి. మూడింటికీ నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అయితే నంబరు దొరికితే పని అయిపోలేదు. తెలుగు అక్షరం దాచడానికి మూడు బైట్లు చాలు, ఈ లిపులకు నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పాత పద్ధతి మూడు బైట్లకే ఆగిపోతుంది. 2010 నుంచి నాలుగు బైట్ల పద్ధతి ఉన్నా పాతదాన్నే వాడే వెబ్‌సైట్‌లో మన లిపిలో పేరు కొడితే తప్పు చూపిస్తుంది, లేదా పేరు మధ్యలో తెగిపోతుంది. అలాంటప్పుడు మీ లిపి పనిచేయదని ఎవరైనా అంటే నమ్మకండి. మార్చాల్సింది వాళ్ల సెట్టింగ్.

సంతాలీ వాళ్లను చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి చేశారు. 2003లో భాష ఎనిమిదో షెడ్యూల్లో చేరింది, 2008లో లిపి యూనికోడ్‌లోకి వచ్చింది, 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. అడిగినవాళ్లు, రాసినవాళ్లు ఉన్నారు కాబట్టే అది జరిగింది.

మరి ఇంటికెళ్లి ఏం చేయాలి?

ఒకటి, ఏది రాసినా యూనికోడ్‌లోనే రాయండి. పరీక్ష చాలా సులువు. ఒక లైను కాపీ చేసి ఇంకో ఫోన్‌కి మెసేజ్ పంపండి. అక్కడ చదవగలిగితే సరే. ఉత్త ఫొటో పంపితే వెతకడానికి పనికిరాదు.

రెండు, బయటివాళ్లు ఎవరైనా మన భాషలో పుస్తకం వేస్తే అచ్చు కాపీతో సరిపెట్టుకోకండి. యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వమని ముందే అడగండి.

మూడు, పాత సీడీలు, పెన్‌డ్రైవ్‌లు పారేయొద్దు. ఫైలుతో పాటు ఆ ఫాంటునీ, అచ్చు పుస్తకాన్నీ కలిపి దాచండి. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి. కానీ అవి తెలుగు కోసం చేసినవి, మన మాటల దగ్గర తడబడొచ్చు. మార్చాక అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడండి, తర్వాత పైకి చదివి పెద్దలకు వినిపించండి.

నాలుగు, ఒక్కో భాషకు ఒక్క పేజీ రాత నియమాలు రాసుకుందాం. ఆ గొంతు ఆగే ధ్వనికి ఏ గుర్తు, దాని నంబరు ఎంత, ఊళ్ల పేర్లు ఎలా రాయాలి. కీమ్యాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మన గుర్తులున్న కీబోర్డు మనమే తయారుచేసుకోవచ్చు. ఇక్కడ కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పని తీసుకోండి. అమ్మల దగ్గర, తాతల దగ్గర కూర్చుని ఏ మాట ఎలా పలకాలో తేల్చే పని ఊళ్లో ఉన్నవాళ్లది. రెండూ కలిస్తేనే కీబోర్డు అవుతుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఊరి చుట్టూ ఉన్న కొండల పేర్లు, గెడ్డల పేర్లు పెద్దవాళ్లను అడిగి యూనికోడ్‌లో రాసుకు రండి. ఇరవై పేర్లయినా చాలు. మళ్లీ కలిసినప్పుడు వాటితోనే మొదలుపెడదాం.