చిన్న కారులో పెద్ద ఇంజన్: ఎనిమిది గంటల పని, మూడేళ్ల తలనొప్పి

ఈ మధ్య ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఒక రీల్ చూశా. చిన్న మాజ్దా మియాటా కారులో వీ8 ఇంజన్ దించేశారు. ముప్పై సెకన్ల వీడియో. మా నాన్న పాత మారుతి 800 ఇంట్లో ఊరికే పడి ఉంది. దాంట్లో పెద్ద ఇంజన్ వేయిస్తే ఎంతవుద్ది? మా ఫ్రెండ్ వాళ్లకి షెడ్డు ఉంది, వెల్డింగ్ మెషీన్ కూడా ఉంది" అని.

వెల్డింగ్ మెషీన్ కూడా ఉంది అన్న దగ్గర నాకు కొంచెం భయమేసింది. ఎందుకు భయమేసిందో కాసేపట్లో చెప్తా. ముందు ప్రపంచంలో అన్నిటికంటే ఫేమస్ ఇంజన్ స్వాప్ కథ వినండి. తమ్ముడి ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

1961. ఇంగ్లండ్‌లో థేమ్స్ డిట్టన్ అనే ఊళ్లో ఏసీ కార్స్ అని ఒక చిన్న కంపెనీ. 'ఏస్' అని ఇద్దరు కూర్చునే ఓపెన్ స్పోర్ట్స్ కారు చేసేవాళ్లు. కింద రెండు లావుపాటి స్టీలు గొట్టాలు, పైన చేత్తో కొట్టి చేసిన అల్యూమినియం బాడీ. ఇంజన్ బయటిది, బ్రిస్టల్ కంపెనీది. 2 లీటర్లు, ఆరు సిలిండర్లు. కారు చాలా బాగుండేది. కానీ బ్రిస్టల్ వాళ్లు ఆ ఇంజన్ తయారీ ఆపేశారు. అంటే కారుంది, గుండె లేదు.

అటు అమెరికాలో కారొల్ షెల్బీ. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' చూసినవాళ్లకి తెలుసు, మ్యాట్ డేమన్ చేసిన క్యారెక్టర్. టెక్సస్ మనిషి. 1959లో లె మాన్స్ 24 గంటల రేస్ గెలిచాడు, తర్వాత గుండె జబ్బు వల్ల రేసింగ్ వదిలేశాడు. ఆయన ఏసీ వాళ్లకి ఉత్తరం రాశాడు: మీ కారులో అమెరికన్ వీ8 పట్టేలా చేసి ఇస్తారా అని. కామెడీ ఏంటంటే, అప్పటికి ఆయన చేతిలో ఏ వీ8 ఇంజనూ లేదు! ఏసీ సరే అంది. తర్వాత ఫోర్డ్ దగ్గరికెళ్తే, వాళ్లు అప్పుడే తెచ్చిన తేలికపాటి వీ8 ఇస్తామన్నారు. అచ్చం మన పెళ్లిళ్ల పేరయ్య లాగా ఇటు అబ్బాయిని, అటు అమ్మాయిని చూసిపెట్టి సంబంధం కుదిర్చేశాడు.

1962 ఫిబ్రవరిలో ఇంజన్ లేని కారు విమానంలో లాస్ ఏంజెలెస్‌కి వచ్చింది. దగ్గర్లో శాంటా ఫే స్ప్రింగ్స్‌లో డీన్ మూన్ అనే ఆయన షాపుకి తీసుకెళ్లారు. ఇంజన్, గేర్‌బాక్స్ ఎక్కించడానికి పట్టిన టైమ్ ఎనిమిది గంటల లోపే. 4.2 లీటర్ల వీ8. అదే మొదటి షెల్బీ కోబ్రా, నంబర్ సీఎస్ఎక్స్2000. చేతిలో ఉన్నది ఒక్క కారే కాబట్టి, ఒక్కో పత్రిక వాళ్లకి ఇచ్చే ముందు ఒక్కో రంగు వేసేవాళ్లు, చాలా కార్లు ఉన్నాయని అనుకోవాలని. మన స్టార్టప్ వాళ్ల డెమోలు గుర్తొచ్చాయి నాకు. అదే కారు 2016లో వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకి పోయింది.

రీల్ అయితే ఇక్కడితో అయిపోతుంది. దించారు, స్టార్ట్ చేశారు, పొగ లేపారు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

రీల్‌లో రానిది చెప్తా. ఆ కారు విమానం ఎక్కకముందే ఏసీ వాళ్లు ఇంగ్లండ్‌లో చాలా పని చేసి పెట్టారు. వీ8 వెడల్పు ఎక్కువ కదా, స్టీరింగ్ బాక్స్‌ని పక్కకి జరిపారు. చాసిని గట్టి చేశారు. వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ తీసేసి ఇంకా బలమైనది వేశారు. ఆ ఎనిమిది గంటలు ఎలా సాధ్యమయ్యాయంటే, మిగతా నెలల పని వేరే దేశంలో అయిపోయి ఉంది కాబట్టి.

డిఫరెన్షియల్ ఎందుకు మార్చాలి, అది బానే తిరుగుతోంది కదా అంటారా? ఇంజన్ తిప్పే బలం ముందు క్లచ్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి గేర్‌బాక్స్, షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిల్, చివరికి టైర్. వీటన్నిటినీ కంపెనీ ఇంజనీర్లు పాత ఇంజన్ బలానికి లెక్కేసి చేశారు. బలం రెట్టింపు చేస్తే, ఈ వరసలో దేనికి ఓపిక తక్కువ ఉంటే అది ముందు పగుల్తుంది. క్లచ్ మార్చారనుకోండి, గేర్‌బాక్స్ పోతుంది. గేర్‌బాక్స్ గట్టిది వేస్తే డిఫరెన్షియల్‌లో పళ్లు రాల్తాయి. నేను బీటెక్ మెకానికల్ చదివి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశా (నవ్వకండి, మా క్లాసులో సగం మంది కథ ఇదే). అక్కడా ఇదే గొడవ. ఒక్క లైబ్రరీ వర్షన్ మారుద్దాం, ఎంతసేపు అని శుక్రవారం సాయంత్రం మొదలుపెడతాం. సోమవారం పొద్దున దాకా ఇంటికెళ్లం. పెద్ద ఇంజన్ కొత్త అల్లుడి లాంటిది బ్రో. వచ్చేది ఒక్కడే, ఇల్లంతా సర్దుకోవాలి.

కోబ్రాలోనే చూడండి. 4.2 లీటర్ల తర్వాత 4.7 వేశారు. అంతవరకు బండి తట్టుకుంది. తర్వాత ఆశ పెరిగింది. 427 అనే 7 లీటర్ల ఇంజన్‌ని ఆ పాత చాసిలోనే పెట్టి 1964లో సెబ్రింగ్ రేస్‌కి తీసుకెళ్లారు. నడిపింది ఎవరో కాదు, కెన్ మైల్స్. అదే సినిమాలో క్రిస్టియన్ బేల్ చేసిన మనిషి. ప్రాక్టీస్‌లో కారు వెళ్లి చెట్టుని గుద్దింది. అంత పెద్ద డ్రైవర్ చేతిలో! దాంతో 1965లో అసలు చాసినే కొత్తగా చేశారు. 3 అంగుళాల గొట్టాల బదులు 4 అంగుళాల గొట్టాలు, పాత పట్టీ స్ప్రింగుల బదులు కాయిల్ స్ప్రింగులు. పేరు అదే కోబ్రా, చూడ్డానికి దాదాపు అదే, కింద మాత్రం వేరే కారు. ఆ ఎనిమిది గంటల పని ఒక కొలిక్కి రావడానికి మూడేళ్లు పట్టింది.

ఇంకో కారు ఉంది, నాకు దీని కథ కోబ్రా కంటే ఇష్టం. సన్‌బీమ్ టైగర్. బ్రిటన్‌లో రూట్స్ గ్రూప్ వాళ్ల చిన్న ఓపెన్ కారు సన్‌బీమ్ ఆల్పైన్, నాలుగు సిలిండర్లు. కోబ్రాని చూసి వీళ్లకీ ఆశ పుట్టింది, అదే ఫోర్డ్ వీ8 వేశారు. ఒక నమూనా షెల్బీ దగ్గర, ఇంకోటి కెన్ మైల్స్ దగ్గర తయారైంది. 1964లో అమ్మకానికి వచ్చింది. సీన్ ఏంటంటే, జెన్సెన్ ఫ్యాక్టరీలో ఇంజన్ లోపలికి దూరాలంటే, రంగు వేసి వచ్చిన కొత్త బాడీని సుత్తితో కొట్టి లోపలికి నొక్కేవాళ్లు! రోజూ, ప్రతి కారుకీ. వెనక మూల ఉన్న ఒక స్పార్క్ ప్లగ్‌కి బానెట్ లోంచి చెయ్యి పట్టదు. అందుకని ఇంజన్‌కీ కాళ్లు పెట్టుకునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడకి కన్నం పెట్టారు. ప్లగ్ మార్చాలంటే కారు లోపల కూర్చుని మార్చాలి. పైగా వేడి. బానెట్ కింద గాలి ఆడే చోటే లేదు, ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకే. ఇంజన్‌లో కాలే ఇంధనంలో సుమారు మూడో వంతు వేడి రేడియేటర్ లోంచే బయటికి పోవాలి. ఇంజన్ పెంచి, రేడియేటర్‌కి చోటు పెంచకపోతే ఇంకేమవుతుంది?

దాని చావు కూడా విచిత్రమే. రూట్స్ గ్రూప్‌ని క్రైస్లర్ కొనేసింది. సొంత కారులో పోటీ కంపెనీ ఫోర్డ్ ఇంజన్ ఉంటే నామోషీ కదా, మన వీ8 వేద్దాం అనుకున్నారు. పట్టలేదు. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఫోర్డ్ ఇంజన్‌లో ముందు ఉంటుంది, క్రైస్లర్ ఇంజన్‌లో వెనక ఉంటుంది. టైగర్‌లో వెనక చోటెక్కడిది? 1967లో కారే ఆపేశారు. ఒక డబ్బా ముందుందా వెనకుందా అన్నదాని మీద ఒక మోడల్ పోయింది.

అన్నీ ఇలాగే చెడతాయని కాదు. ఎంజీబీ ఉంది. దాని మామూలు ఇంజన్ 1.8 లీటర్లు, నాలుగు సిలిండర్లు, మొత్తం పోత ఇనుము. కెన్ కోస్టెల్లో అనే ఆయన దాని బదులు రోవర్ వాళ్ల 3.5 లీటర్ల అల్యూమినియం వీ8 వేశాడు. సైజు రెట్టింపు, బరువు దాదాపు అంతే. ముందు భాగం బరువెక్కలేదు కాబట్టి మలుపుల్లో కారు స్వభావం చెడలేదు. చూసి చూసి ఎంజీ కంపెనీ వాళ్లే 1973 నుంచి 1976 దాకా వీ8 కారు అమ్మారు. తమ్ముడు చూసిన మియాటా రీల్ వెనక కూడా ఇదే లాజిక్ ఉంది, షెవర్లే కార్వెట్‌లో వచ్చిన అల్యూమినియం వీ8. ఇనుముది వేస్తే ఆ కారు ముక్కు నేలకి దిగిపోతుంది. అమెరికాలో ఈ పని కోసమే కిట్లు అమ్మే షాపులు ఉన్నాయి. కిట్ లిస్టు చూడండి ఒకసారి: ఇంజన్ కింద ఉండే ఫ్రేమ్, రేడియేటర్, డిఫరెన్షియల్, యాక్సిల్స్, వైరింగ్. ఇంజన్ ఆ లిస్టులో ఒక ఐటమ్ మాత్రమే. వైరింగ్ అంటే గుర్తొచ్చింది, పాత కార్లలో ఆర్‌పీఎం మీటర్ ప్లగ్గుల కరెంటు దెబ్బల్ని లెక్కపెడుతుంది. నాలుగు సిలిండర్లకి ఇంజన్ ఒక్కసారి తిరిగితే రెండు దెబ్బలు, ఎనిమిదింటికి నాలుగు. సరిచేయకుండా వదిలేస్తే వీ8 ఊరికే నిలబడి ఉన్నా మీటర్ రెట్టింపు చూపిస్తుంది.

ఇక బ్రేకులు. ఇది మాత్రం సరదాగా చెప్పలేను.

గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్న కారుని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటి అనుకోండి. 140లో ఉంటే ఒకటిన్నర కాదు, దాదాపు రెండు. స్పీడ్ వర్గానికి లెక్క, ఇంటర్ ఫిజిక్సే.

నాకు ఆ ఫిజిక్స్ బాగా తెలుసు. థర్డ్ ఇయర్‌లో మేం గో-కార్ట్ చేశాం. 125 సీసీ బైక్ ఇంజన్‌కి డిజైన్. బ్రేక్ లెక్కలు నావి. ఈవెంట్‌కి నెల ముందు ఎవరో 200 సీసీ ఇంజన్ సెకండ్ హ్యాండ్‌లో ఇస్తామన్నారు. ఒక్క రాత్రిలో పాత మౌంట్లు కోసేసి, కొత్తవి వెల్డ్ చేసి పెట్టేశాం. తెల్లవారుజామున స్టార్ట్ అయింది. హాస్టల్ అంతా లేచేలా అరిచాం. బ్రేక్ మాత్రం పాతదే, వెనక యాక్సిల్‌కి ఒకే ఒక డిస్క్. నాకు గుర్తుంది, మార్చాలి అని ఒకసారి అన్నాను కూడా. తర్వాత చూద్దాం అన్నారు, నేను సరే అన్నాను.

గ్రౌండ్ వెనక రోడ్డు మీద నా రూమ్మేట్ నడిపాడు. మలుపు ముందు బ్రేక్ తొక్కాడు. పట్టింది. సరిపోలేదు. కాంపౌండ్ గోడకి తగిలి కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆ సెమిస్టర్ పరీక్షలు వాడు చెప్తుంటే వేరేవాళ్లు రాశారు. మేం సబ్మిట్ చేసిన రిపోర్టులో బ్రేక్ లెక్క చాలా నీట్‌గా ఉంది, 125 సీసీకి. హాస్పిటల్‌లో వాళ్లమ్మ గారు నన్ను తిట్టలేదు. "నువ్వు ఉన్నావు కదా నాన్నా, చూసుకోలేదా?" అన్నారు. అంతే. వాడు ఇప్పటికీ నా ఫ్రెండే. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని వాడికి చెప్పే చేస్తున్నా.

అందుకే తమ్ముడూ, వెల్డింగ్ మెషీన్ అనగానే భయమేసింది.

చట్టం సంగతి కూడా చెప్పేస్తా, చిన్నదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సీఎన్‌జీ లాంటి కిట్‌కి వేరే దారి ఉంది, పాడైన ఇంజన్ బదులు అలాంటిదే వేయాలన్నా ఆర్‌టీఓ పర్మిషన్‌తో పని. కానీ 800లో పెద్ద ఇంజన్ వేసి రోడ్డెక్కితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది అదే. దెబ్బ తగిలేది నీకే కాదు, రోడ్డు మీద వెళ్లే ఇంకెవరికో కూడా. ఆర్‌సీ మీద ఉండేది నాన్న పేరు.

ఇంజన్ మీద ఇష్టం మంచిదే, నాకూ ఉంది. నీ దగ్గర ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్లు, చేత్తో విప్పి నేర్చుకోవడానికి దాన్ని మించిన ఇంజన్ లేదు. ఫ్రెండ్ షెడ్డు కూడా ఉంది. కానీ బానెట్ తర్వాత ఎత్తుదువు. ముందు నాన్నని అడిగి, నాలుగు చక్రాలు విప్పి, బ్రేకులు ఎలా ఉన్నాయో ఫోటోలు తీసి నాకు పంపు. బ్రేక్ ఆయిల్ ఏ రంగులో ఉందో కూడా కనపడాలి. నెక్స్ట్ ఎపిసోడ్ వాటి మీదే చేద్దాం.