పొయ్యి సగం, పుల్ల సగం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇనుము గురించో, రేవు గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఇంజనీరును కదా! నేను ఎంచుకున్న విషయం మాత్రం వంటచెరకు. అందులోనూ మొద్దులూ దుంగలూ కాదు, చిన్న పొయ్యిలోకి, చలిమంట పళ్లెంలోకి సరిపడేలా కోసిన చిన్న పేళ్లు. నవ్వకండి. ఇందులో లెక్క ఉంది, ఒక ప్రాణాపాయం ఉంది, మన బడి పిల్లలకు ఒక మంచి ప్రయోగమూ ఉంది.

మనది గ్యాసుకు కొదవ లేని ఊరు. 1957లో కాల్‌టెక్స్ వారి రిఫైనరీ వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర భూగర్భంలో రాతిని తొలిచి కట్టిన గుహలో 60,000 టన్నుల ఎల్పీజీ నిల్వ చేస్తున్నారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక పల్లెల్లోకీ సిలిండరు చేరింది. అది మంచి పని. మన అమ్మలు, అమ్మమ్మలు మింగిన పొగ చాలు. మళ్లీ కట్టెల పొయ్యికి వెళ్దామని చెప్పడానికి నేనిక్కడ నిలబడలేదు.

అయినా కట్టె పోలేదు, చోటు మార్చుకుంది. పెరట్లో రాగి బాయిలరు ఇంకా కొన్ని ఇళ్లలో వెలుగుతోంది. శీతకాలం వస్తే అరకు, లంబసింగి గుడారాల ముందు చలిమంటలు వేస్తారు. మేడ మీద ఇనప పళ్లెంలో చిన్న మంట పెట్టుకుని నలుగురు కూర్చోవడం ఇప్పుడొక సరదా. విదేశాల్లో ఉన్న మన వాళ్లు అరచేతిలో పట్టే పొయ్యిలు సంచిలో వేసుకుని కొండలెక్కుతున్నారు. వీటన్నిటికీ వచ్చే ఫిర్యాదు ఒకటే: “పొయ్యి పొగ చిమ్ముతోంది.” పొయ్యిని తిట్టి పక్కన పడేస్తారు. నేను చూసినంతలో చాలాసార్లు లోపం పొయ్యిలో ఉండదు, అందులో పెట్టిన కట్టెలో ఉంటుంది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మిత్రులు చాలామంది ఇక్కడున్నారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లూ తల్లి పేరూ పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసుల్లోకి కోక్‌ను ఉన్నది ఉన్నట్టు పోయరు. జల్లెడ పట్టి, సైజు కట్టి పోస్తారు. సన్న పొడిని వేరుచేసి సింటర్ ప్లాంటుకు పంపుతారు. ఎందుకు? ముక్కల మధ్య గాలి ఆడాలి. ముక్క మరీ పెద్దదైతే సరిగా కాలదు, పొడి ఎక్కువైతే గాలి ఆడదు. ఇంత పెద్ద కొలిమికి అంత జాగ్రత్త అవసరమైనప్పుడు జానెడు పొయ్యికి అక్కర్లేదా?

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పుంటే పట్టుకుంటారు. 10 సెంటీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఒక గుండ్రటి దుంగ తీసుకోండి. దాని ఘనపరిమాణం దాదాపు 2,350 ఘన సెంటీమీటర్లు. బయటి ఉపరితలం సుమారు 1,100 చదరపు సెంటీమీటర్లు. అదే కర్రను రెండున్నర సెంటీమీటర్ల చదరంలో, 15 సెంటీమీటర్ల పొడవున పేళ్లు చేస్తే పాతిక పేళ్లు అవుతాయి. వాటన్నిటి ఉపరితలం 4,000 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. కర్ర అంతే ఉంది, మంటకు దొరికే ముఖం మాత్రం దాదాపు నాలుగింతలైంది.

కట్టె కాలడమంటే కట్టె నేరుగా కాలడం కాదు. వేడికి దానిలోంచి ఆవిర్లు బయటికి వస్తాయి, ఆ ఆవిర్లు గాలితో కలిసి మండుతాయి. ఎండు కట్టె బరువులో మూడొంతుల దాకా ఇలా ఆవిరై పోయేదే, మిగిలేది బొగ్గు. ఆవిర్లు వస్తున్నాయి కానీ వేడి చాలకపోతే, అవి మండకుండా బయటికి పోతాయి. మనం పొగ అనేది దానినే. చిన్న పొయ్యిలో నిప్పు నిల్వ తక్కువ. పెద్ద మొద్దును వేడెక్కించే శక్తి దానికి లేదు. అందుకే పొయ్యి ఎంత చిన్నదైతే పేడు అంత సన్నం కావాలి.

రెండో సంగతి తేమ. పచ్చి కట్టె 10 కిలోలు తెచ్చారనుకోండి, అందులో నూటికి 40 పాళ్లు నీరు ఉందనుకోండి. అంటే 4 కిలోల నీళ్లకు డబ్బిచ్చి కొన్నారు. ఆ నీటిని 30 డిగ్రీల నుంచి మరిగించి ఆవిరి చేయడానికి కిలోకు 610 కిలోకేలరీల చొప్పున దాదాపు 2,400 కిలోకేలరీలు పోతాయి. మిగిలిన 6 కిలోల కర్ర ఇచ్చే వేడి సుమారు 27,000. తొమ్మిది శాతమేగా నష్టం అనిపిస్తుంది. కానీ అసలు నష్టం అది కాదు. ఆ నీరు మంట వేడిని చల్లార్చేస్తుంది, ఆవిర్లు మండవు, కళ్లు మండుతాయి.

మన సముద్రతీరపు గాలిలో కట్టె ఎంత ఎండబెట్టినా తేమ నూటికి 15 పాళ్ల దగ్గరే ఆగిపోతుంది. అది చాలు. పైన చెప్పిన 10 కిలోల పచ్చి కట్టె అక్కడికి వచ్చేసరికి 7 కిలోలు తూగుతుంది. కాబట్టి తేమ కొలిచే మీటరు లేకపోయినా తూకం ఉంటే చాలు. ఒక మోపును గుర్తుపెట్టుకుని వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే కట్టె ఎండినట్టు. చివర్లలో పగుళ్లు కనబడతాయి. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొడితే బొద్దుగా కాక ఖంగుమని మోగుతాయి.

ఎండే కాలం మందం మీద ఆధారపడుతుంది. మందం సగమైతే ఎండే కాలం దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. నీరు కర్ర నారవెంట త్వరగా, అడ్డంగా నెమ్మదిగా కదులుతుంది. అందుకే పొట్టిగా కోసిన పేడు చివర్లనుంచి కూడా ఎండుతుంది. కాబట్టి ముందు కోసి చీల్చాలి, తరవాత ఎండబెట్టాలి. చాలామంది దుంగల్ని ఏడాది పడేసి, ఎండాయనుకుని, అప్పుడు కోస్తారు. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పైగా ఎండిన సరుగుడు గొడ్డలికి లొంగదు. పచ్చిమీద చీల్చడమే సులువు.

ఏ కట్టె మంచిది? మన తీరానికి సరుగుడును మించింది లేదు. ఇసుక నేలల్లో నాలుగైదేళ్లలో కోతకు వస్తుంది. తిన్నని కర్ర కాగితం మిల్లులకు పోతుంది, కొన కొమ్మలూ వంకర కర్రలూ కట్టెల అడితికి వస్తాయి. చిన్న పేళ్లకు ఆ కొన కొమ్మలే సరైనవి, చీల్చే పని కూడా తక్కువ. తుమ్మ నిప్పు నిలుపుతుంది. మామిడి తేలిగ్గా అంటుకుంటుంది. కొబ్బరి చిప్పలు రాజేయడానికి బాగుంటాయి.

ఏది వద్దు? ఇది రేవు పట్నం కాబట్టి గట్టిగా చెప్పాలి. రేవు సరుకుతో వచ్చే చెక్క ప్యాలెట్లు చవగ్గా దొరుకుతాయి. వాటిమీద ముద్ర చూడండి. “హెచ్.టి.” అంటే వేడితో శుద్ధి చేసినది. “ఎం.బి.” అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, అది పొయ్యిలోకి వద్దు. ముద్రే లేనిదీ వద్దు. పాత రైలు స్లీపర్లకు క్రియోసోట్ పట్టించి ఉంటారు, వాటిని ఎంత ఊరికే ఇచ్చినా తేవద్దు. రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్ ముక్కలు, గన్నేరు కొమ్మలు కూడా అంతే. జీడిపిక్కల తొక్కలో నూనె ఉంటుంది, దాని పొగ చర్మాన్నీ ఊపిరినీ మండిస్తుంది. వీటిమీద వండినా, చలి కాగినా విషమే.

ఇక తయారీ. ఇక్కడ యంత్రం కంటే వరస ముఖ్యం. మొదట పొడవు కోత, తరవాత చీల్పు. పొడవు నిర్ణయించేది పొయ్యి నోరు. ఒక చెక్కమీద కొలత అడ్డు బిగించుకుంటే ప్రతి ముక్కా ఒకే పొడవున వస్తుంది. గుండ్రటి రంపం ఒక్కో కోతలో 4 మిల్లీమీటర్ల కర్రను పొట్టు చేస్తుంది. 15 సెంటీమీటర్ల ముక్కలైతే నూటికి మూడు పాళ్లలోపు నష్టం. 5 సెంటీమీటర్ల ముక్కలు కోస్తే ఏడు పాళ్లు దాటుతుంది. కాబట్టి మరీ చిన్న ముక్కలు కావాలంటే సన్నటి బ్యాండు రంపం వాడాలి. చీల్చడంలో పొట్టు పోదు, అందుకే ఎక్కువ పని గొడ్డలికీ ఇనప చీలకూ వదలాలి.

గుండ్రటి కొమ్మను బల్లరంపం మీద చేత్తో పట్టుకుని కోయడం అన్నిటికన్నా ప్రమాదం. పళ్లు తగలగానే కొమ్మ దొర్లుతుంది, చేతిని లోపలికి లాగుతుంది. కొమ్మ కదలకుండా గాడి తీసిన ఊయల లాంటి పట్టు ఉండాలి. చివరి ముక్కను తోపుడు కర్రతో తోయాలి. తిరిగే రంపం దగ్గర చేతితొడుగు వేసుకోకూడదు, అది చిక్కుకుంటే వేలితో ఆగదు. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. ఇంత చిన్న ముక్కకు వేలు పణం పెట్టక్కర్లేదు.

పేళ్లను గుట్టగా పోయవద్దు. కిందకు రెండు దుంగలు వేసి, నేలకు జానెడు ఎత్తున, ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చండి. పైన రేకు ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. చుట్టూ పట్టా కప్పేస్తే ఉక్కపోసి బూజు పడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవారెవరూ మరచిపోలేరు. రోడ్ల నిండా చెట్లు పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. చుట్టూ కొండంత కట్టె ఉంది, అదంతా పచ్చిది, తడిసినది, మొద్దులుగా పడి ఉన్నది. పనికొచ్చే ఎండు పేళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? ఏటా వానాకాలానికి ముందు కరెంటు తీగల కింద కొట్టేసే కొమ్మలు కూడా ఎక్కువగా చెత్తబండి ఎక్కుతాయి. అవన్నీ చిన్న పొయ్యికి సరిగ్గా సరిపోయే మందమే. కాలనీకొక రేకు కొట్టం, ఒక తూకం ఉంటే అది చెత్త కాదు, తుఫాను రోజుకు నిల్వ.

ఇక మొదట్లో చెప్పిన ప్రాణాపాయం సంగతి. మంట తగ్గాక మిగిలే ఎర్రటి నిప్పులకు పొగ ఉండదు. పొగ లేదు కదా అని చలికి ఆ పళ్లేన్ని, కుంపటిని గదిలోకో గుడారంలోకో తీసుకెళ్లి తలుపు మూసుకుంటారు. ఆ నిప్పు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, ఆ తరవాత మెలకువ రాదు. మంచి కట్టె, మంచి పొయ్యి ఉన్నా ఈ ప్రమాదం పోదు. నిప్పు ఎప్పుడూ ఆరుబయటే. పిల్లల్ని లంబసింగి తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే నా ప్రసంగం ఫలించినట్టే.

పొయ్యి గురించి ఆలోచించడం ఇంజనీర్లకు నామోషీ కాదు. 1950లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌కు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి రూపొందించి, సామాన్యుల వంటింట్లో పొగ పోగొట్టాలని పుస్తకమే రాశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరూరా పొగలేని పొయ్యిలు కట్టారు. ఎన్ని మంచి పొయ్యిలు కట్టినా, వాటి నోట్లో తడి మొద్దు పెడితే పొగే వస్తుంది.

చివరగా సైన్సు టీచర్లకు ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేయించండి. బడి ఆవరణలో కొట్టేసిన కొమ్మలతోనే మూడు మోపులు కట్టండి. ఒకటి దుంగలుగా, ఒకటి సగానికి చీల్చి, ఒకటి సన్నటి పేళ్లుగా. కోత, చీల్పు పెద్దవాళ్లు చేయాలి, పిల్లల చేతికి తూకం మాత్రమే. ప్రతి శనివారం తూచి గోడమీద గీతపటంలో పెట్టమనండి. ఏ గీత ముందు కిందికి దిగి నిలుస్తుందో వాళ్లే చూస్తారు. తరవాత ఆరుబయట, మీ ఎదుట, మూడింటితోనూ ఒక్కో లీటరు నీళ్లు మరిగించి, పట్టిన సమయం, వాడిన కట్టె బరువు రాయించండి.

తూకం, రేకు కొట్టం, ఇనప పొయ్యి మా బ్యాచి తరఫున ఇస్తాం. సంఘం కార్యదర్శి గారికి ఇప్పుడే మాటిస్తున్నాను. మొదటి శనివారం తూకానికి నేనూ వస్తాను.