మడయడవులును గంగపుత్రులును
(చెంగిచెర్ల వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ సభలో నేదేని యొక విషయమును గూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, మడయడవులను గూర్చి చెప్పెదమంటిమి. వారు విస్తుపోయి, "పంతులుగారూ! చెంగిచెర్లకు సముద్ర మెంత దూరమండీ?" యని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఈ యూరి పేరు తుదనున్న 'చెర్ల' చెఱువును దలపించును గాని కడలిని దలపింపదు. మనమును తరతరములుగా చెఱువులలో వలవేసి బ్రదికినవారమే. అయినను ఉప్పలు నల్లచెఱువు అలుగు పాఱినచో ఆ నీ రెందు బోవును? మూసీకి బోవును. మూసీ వాడపల్లియొద్ద కృష్ణలో గలియును. కృష్ణ దివిసీమను జుట్టి హంసలదీవి చెంత సముద్రమును జేరును. అచ్చటనే మడయడవి గలదు. మన చెఱువునీటికిని ఆ చెట్లవేళ్లకును సంబంధము లేదని యెట్లనగలము?

ఏటినీరును కడలినీరును గలియు బురదలో బెరుగు వనమే మడయడవి. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలగునవి యందలి వృక్షములు. తిల్లపాలు కంటబడినచో చూపునకే ముప్పు. కట్టెలు గొట్టువారి కీ సంగతి బడిలో నేర్పనక్కఱలేదు. వృక్షమునకు 'పాదప'మని పేరు, అనగా పాదముతో ద్రాగునదని యెన్నియో యేండ్లు పిల్లలకు జెప్పితిమి. వేళ్లతో గాలి పీల్చు చెట్టును గూర్చి యప్పుడు మాకు దెలియదు. మడచెట్టు వేళ్లు బురదనుండి మేకులవలె పైకి లేచి శ్వాసించును. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, పిమ్మట క్రింద బురదలోనికి జాఱును. రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు ఆ వేళ్లనడుమ పెద్దచేపల నోటబడక పెరిగి, తరువాత కడలికి బోవును. చెఱువుకొనలోని తుంగ మనకెట్టిదో, తీరమునందలి మన సోదరులకు మడ యట్టిది.

ఓడరేవుగా బేరొందిన కోరంగి 1839వ సంవత్సరపు టుప్పెనలో నాశనమయ్యెను. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన మా బడినాటి సంగతి; వేలకొలది జనులు మడిసిరి. మడయడవి యుప్పెనను బొత్తిగా నాపునని మేము చెప్పము. కెరటపు వేగమును దగ్గించును, గట్టుమన్ను కోసికొని పోకుండ బట్టును. అంతమాత్రమే యైనను ఒడ్డున గుడిసె వేసికొన్నవానికి అది తక్కువ మేలా?

కోరంగి యడవిని 1978లో అభయారణ్యముగా బ్రకటించిరి. కాని చట్ట మొక్కటియే చెట్టును బెంపలేదు. మడను గొట్టినచోట నేల క్రుంగి పళ్లెమువలె నగును. పోటునీరు వచ్చి నిలిచిపోవును, ఎండకు నింకి యుప్పు పేరుకొనును. అందు మొక్క నాటినను బ్రదుకదు. 1990ల తుదిభాగమున స్వామినాథన్ పరిశోధన సంస్థవారు అటవీశాఖతోను, గోదావరి కృష్ణా ముఖములయందలి పల్లెలవారితోను గలసి దీనికి మార్గము చూపిరి. ఏటిపాయనుండి యొక పెద్దకాలువ, దానికి ఇరుప్రక్కల నేటవాలుగా చిన్నకాలువలు త్రవ్వించిరి. చూచుటకది అచ్చముగా చేపముల్లు! ఆటుపోటులు దానిగుండ వచ్చిపోవుచు ఉప్పును గడిగివేయును. కాలువల యొరలలో మొక్కలు నాటిరి. మట్లపాలెము మొదలగు పల్లెలవారు సంఘములుగా నేర్పడి త్రవ్వకమునందును, నాటుటయందును, కావలియందును పాలుగొనిరి. ఏ పోటు ఎందాక వచ్చునో నిత్యము పడవ నడపువానికి దెలిసినట్లు కాగితము చూచువానికి దెలియునా? కూలి ముగిసిన పిమ్మటకూడ సంఘము నిలుచునా యనునదియే యసలు పరీక్ష. అడవిపై హక్కును, చేపలో పాలును ఉన్నచోట నిలుచునని మా నమ్మకము. మన చెఱువు సంఘములయందును మేము గన్నది యిదియే.

ఇక నొక చేదుమాట. తీరమున రొయ్యలచెఱువులకై మడను నఱికిన కాలమొకటి గలదు. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు కఠినముగా దీర్పు చెప్పినది. ఆ చెఱువులలో బెట్టుబడి పెట్టి లాభము గొన్నవారు మన సభలోను గలరు; పేరులు చెప్పము, వారి విరాళములతోనే నేటి భోజనములు జరుగుచున్నవి. 2020లో కాకినాడ దుమ్ములపేటయొద్ద పేదల యిండ్లస్థలములకై మడచెట్లు గొట్టిరి. వ్యవహారము హరిత న్యాయాధికరణము దాక బోయెను. పేదకు ఇల్లు వలదని యెవ్వడనును? కాని యా యిల్లు, అతడు పీతలు పట్టికొను చోటనే గట్టవలెనా?

మనమును నిర్దోషులము కాము. నేడు మూసీలోనికి మన వైపునుండి పోవునది నగరపు మురుగు, కార్ఖానాల మలినము. ఆనకట్టలు దాటి కృష్ణకొనకు మంచినీరు తగ్గినకొలది అచ్చట ఉప్పు హెచ్చును. చెఱువు శిఖమును ఇండ్లస్థలములుగా నమ్ముటకు మనవారే మధ్యవర్తులగుట చూచి మే మెన్నియో మారులు సిగ్గుపడితిమి.

కావున నేటి తీర్మానములలో రెండు చేర్చుడని కోరుచున్నారము. చెఱువు శిఖములమ్మకమున బాలుగొన్నవారికి సంఘమున పదవి యీయరాదు. పదుగురు యువకులను కోరంగికి బంపవలెను. వారచ్చట చెక్కబాటమీద నడచి వచ్చిన జాలదు. కాలువలు త్రవ్వినవారి యిండ్లకు బోయి, వారి మాట విని రావలెను. ప్రయాణపు ఖర్చులకు మా వంతుగా ఐదువేల రూపాయలు కోశాధికారిగారి చేతి కిచ్చితిమి. రసీదు ఇంకను రావలసి యున్నది.