డీజిలు పంపు టైమింగు – డ్రైవరు జీతం
(మోటారు కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నన్ను వేతన చట్టాలను గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం చివర చెబుతాను. ముందు డీజిలు పంపును గురించి చెప్పవలసి ఉంది. యూనియను నాయకునికి పంపుతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. నాకు కూడ ఒకప్పుడు అలాగే తోచింది.

పాతికేళ్ళ క్రిందట ఒక లారీ డ్రైవరు మా కార్యాలయానికి వచ్చాడు. అతడు డీజిలు అమ్ముకుంటున్నాడని యజమాని నింద మోపి, వరుసగా రెండు నెలలు జీతంలో కోత విధించాడు. నేను వెంటనే అర్జీ వ్రాయడానికి కాగితం తీశాను. ప్రక్కనే ఉన్న వృద్ధ మేస్త్రీ ఒకాయన, "అర్జీ తరువాత వ్రాద్దురుగాని, పొద్దున స్టార్టు చేసినప్పుడు పొగ ఏ రంగులో వస్తున్నది నాయనా?" అని అడిగాడు. తెల్లగా వస్తున్నదన్నాడు డ్రైవరు. ఎత్తు మీద బండి లాగడం లేదనీ, రేడియేటరులో నీళ్ళు కాగిపోతున్నాయనీ కూడ చెప్పాడు. మరునాడు విప్పి చూస్తే పంపు ఫ్లాంజి నట్లు వదులై, పంపు తిరిగే దిక్కుకే ఒరిగి, టైమింగు వెనుకబడి ఉన్నది. డీజిలును దొంగిలించినవి ఆ నట్లు!

ఇది ఎట్లా జరుగుతుందో తెలుసుకోవాలంటే లెక్క ఒకటి వేయాలి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. పిస్టను అదిమిన గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తనంత తానే అంటుకుంటుంది. అయితే చిమ్మిన మరుక్షణం అంటుకోదు. సెకండులో సుమారు వెయ్యవ వంతు ఆలస్యమవుతుంది. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే సెకండుకు 25 చుట్లు, అనగా 9,000 డిగ్రీలు. వెయ్యవ వంతు సెకండులో క్రాంకు 9 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టను పైకి చేరకముందే పంపు డీజిలు పంపడం మొదలుపెట్టాలి. ఎన్ని డిగ్రీల ముందన్నది ఇంజను తయారుచేసినవారు పుస్తకంలో ఇస్తారు, ఫ్లైవీలు మీదనో పుల్లీ మీదనో గుర్తు కొడతారు. ఒక ఇంజను లెక్క మరొకదానికి చెల్లదు.

ఆలస్యమైతే డీజిలు పూర్తిగా కాలక తెల్లపొగగా పోతుంది. వేడి పని చేయక సైలెన్సరులోకి, నీళ్ళలోకి పోతుంది. ముందుకు జరిగితే ఇంజను సుత్తితో కొట్టినట్లు మోగుతుంది. "కొంచెం అడ్వాన్సు పెట్టవయ్యా, బండి బాగా లాగుతుంది" అనే యజమానులు మీ అందరికీ తెలుసు. పిస్టను తల కరిగినప్పుడు, బేరింగు పోయినప్పుడు ఆ మాట అన్నవారు కనబడరు. డ్రైవరు కనబడతాడు.

ఇక సరిచేసే పద్ధతి. వరుసగా ప్లంజర్లున్న పాత పంపును గురించి చెబుతున్నాను. ముందు బండి చక్రాలకు దిమ్మలు వేసి, గేరు న్యూట్రలులో ఉంచండి. పంపు చుట్టూ శుభ్రంగా కడగండి. ప్లంజరుకూ బారెలుకూ నడుమ సందు మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతులు మాత్రమే, ఒక్క ఇసుకరేణువు చాలు దాన్ని పాడు చేయడానికి. మొదటి సిలిండరు పైపు విప్పి, డెలివరీ వాల్వునూ స్ప్రింగునూ తీసి శుభ్రమైన డీజిలు గిన్నెలో వేయండి. హోల్డరును తిరిగి బిగించి, దానికి వంపు పైపు తగిలించండి. ఆక్సిలరేటరు లీవరు పూర్తిగా ఇచ్చి కట్టండి, స్టాపు లీవరు నడిచే స్థితిలో ఉండాలి. ఇది మరచినవారు గంటలకొద్దీ తికమకపడతారు.

చేతిపంపు కొడుతుంటే వంపు పైపులోంచి డీజిలు ధారగా వస్తుంది. మరొకరు ఇంజనును అది తిరిగే దిక్కుకే, కడ్డీతో మెల్లగా త్రిప్పాలి. సెల్ఫు కొట్టకూడదు. ధార సన్నగిలి, పదిహేను ఇరవై సెకండ్లకు ఒక చుక్కగా మారిన చోట ప్లంజరు రంధ్రాన్ని మూసిందన్నమాట. అక్కడ ఆపి గుర్తు చూడండి. గుర్తు రాకముందే ధార ఆగితే టైమింగు ముందుకు ఉన్నది. గుర్తు వచ్చినా ధార పోతుంటే వెనుకబడింది. గుర్తు దాటిపోతే ఇంజనును బాగా వెనక్కు త్రిప్పి మళ్ళీ ముందుకు తీసుకురావాలి. లేకుంటే గేర్లలోని సందు మనల్ని మోసగిస్తుంది.

సరిచేయాలంటే ఇంజనును గుర్తు మీద నిలిపి, ఫ్లాంజి నట్లు వదులు చేసి, పంపును దాని షాఫ్టు తిరిగే దిక్కుకు ఒరిగించి ధార రానివ్వండి. తరువాత ఎదురు దిక్కుకు మెల్లగా జరుపుతూ ధార చుక్కగా మారిన చోట బిగించండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పంపు సగం వేగంతోనే తిరుగుతుంది గనుక పంపు మీద ఒక డిగ్రీ అంటే క్రాంకు మీద రెండు. బిగించాక పూర్తిగా రెండు చుట్లు త్రిప్పి మళ్ళీ చూడనిదే వాల్వు పెట్టవద్దు.

గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది. ఒకసారి అదిమే స్ట్రోకులో, ఒకసారి పొగ వదిలే స్ట్రోకులో. ఆరు సిలిండర్ల ఇంజనులో ఆరవ సిలిండరు వాల్వులు రెండూ ఊగిసలాడుతుంటే మొదటిది అదిమే స్ట్రోకులో ఉన్నట్లు. సైన్సు డిగ్రీ ఉన్న నేను మొదటిసారి పంపును ఇంజనుకు ఎక్కించినప్పుడు ఇది చూసుకోలేదు. ఇంజను ఒక్క పేలుడైనా లేకుండా సాయంత్రం దాకా మమ్మల్ని తిప్పించింది. మేస్త్రీ ఏమీ అనలేదు, టీ మాత్రం నా లెక్కలో తాగాడు.

అన్ని పొగలకూ టైమింగే కారణం కాదు. నల్లపొగ అయితే ముందు గాలి ఫిల్టరు, నాజిళ్ళు చూడండి. నాజిలు పరీక్షించేటప్పుడు చిమ్మే డీజిలుకు చేయి అడ్డం పెట్టవద్దు. అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది, వ్రేలు తీసివేయవలసి రావచ్చు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్షించమనేవారికి ఒప్పుకోవద్దు. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది.

2020 ఏప్రిలు నుండి వచ్చిన కొత్త లారీలలో ఈ పని ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. కాని ట్రాక్టర్లలో, జనరేటర్లలో, పడవలలో, పాత బండ్లలో ఈ పంపులు ఇంకా ఉన్నాయి. వాటి వెనుక మన మనుషులున్నారు.

ఇక చట్టం. యజమానికి కలిగిన నష్టానికి జీతంలో కోత విధించాలంటే ఆ నష్టం కార్మికుని నిర్లక్ష్యం వల్లనే కలిగి ఉండాలి, అతడు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఈ మాట చెప్పింది, 2019 నాటి వేతనాల స్మృతి కూడ ఈ నియమాన్ని ఉంచింది. ఆ సంజాయిషీలో కన్నీళ్ళకంటె మేస్త్రీ కాగితం బలమైనది: ఏ తేదీన చూశాడు, గుర్తుకు ఎన్ని డిగ్రీల తేడా ఉన్నది, నట్లు ఎట్లా ఉన్నాయి, సంతకం. ఆనాడు మా మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్ట మీద వ్రాసి ఇచ్చిన నాలుగు పంక్తులే యజమాని ముందు పెట్టాము. కోసిన జీతం మూడవ నెలలో తిరిగి వచ్చింది. దొంగ అన్న మాటను మాత్రం ఆయన వెనక్కు తీసుకోలేదు.

షెడ్డులో పాత ఆరు సిలిండర్ల ఇంజను ఒకటి బల్ల మీద ఉంచారు. టైమింగు ఎవరో కావాలనే తప్పించి పెట్టారట. పానాలు, వంపు పైపు అక్కడే ఉన్నాయి. ఇద్దరిద్దరుగా రండి.